తాడులో పదమూడో చీర

వరద దిగాక మా ఇంట్లో తడవకుండా మిగిలింది ఒక్క రేకు పెట్టె. బీరువా మీద, పైకప్పుకి జానెడు కింద ఉండడం వల్ల బతికింది. పరుపులు, బియ్యం, ఫ్రిజ్, మా ఆయన ఫోటో అన్నీ బురదపాలయ్యాయి. నా కొడుకు రమేష్ ఆ పెట్టె దించి, "అమ్మా, ఇందులో ఏటున్నాది, పారేద్దామా?" అని అడిగాడు. తెరిచి చూస్తే పైన నా పెళ్లి కాగితం, మా ఆయన చొక్కాలు రెండు, అడుగున బూడిద రంగు నేత చీర ఒకటి ఉన్నాయి. ఆ చీర మడత పెట్టి లేదు. పొడుగునా మెలిపెట్టి చుట్టగా చుట్టి ఉంది. రెండు కొసల్లోనూ ఒకప్పుడు ముడి పడిన వంకర ఇంకా పోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరి పొగ వాసన వచ్చింది. రమేష్ కూడా వాసన చూసి, "బొద్దింకల కంపు తప్ప ఏటీ నేదమ్మా" అన్నాడు. వాడికి రాదులెండి. ఆ పొగలో పెరిగినదాన్ని నేను.

నాకు చదువు లేదు. సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద నెంబరు చదవడం వచ్చు, అంతే. ఇది నేను చెబుతుంటే ఆదివారాలు గుడిలో పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పే సరళ టీచర్ రాస్తోంది. నా మాటను కాస్త దిద్ది పుస్తకంలో మాటలా రాస్తానంది. దిద్దుకో తల్లీ, కాని మనుషులు అన్న మాటలు మాత్రం, ఇక్కడ మాట చివర అలవాటుగా తగిలించే 'లా'తో సహా, అన్నట్టే ఉంచు అన్నాను. నా గొంతు బొంగురుది. చిన్నప్పటి నుంచి అంతే. కొబ్బరి బట్టీ పొగ పీల్చి అలా అయిందని మా అమ్మ అనేది. అందుకని టీచర్ అప్పుడప్పుడు ఆగి, ఏమన్నావని మళ్ళీ అడుగుతోంది. అడగనీ. ఇందులో ఒక సంగతి ఉంది, వినాల్సిన ఒక్క మనిషికి తప్ప అది నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు. తాడు సంగతి చెప్పకుండా అది చెబితే ఎవరికీ అర్థం కాదు. కాబట్టి రెండూ చెబుతాను.

ముందు మొన్నటి వరద. ఈ మలాయి దేశంలో క్లాంగ్ దగ్గర మా తామాన్‌లో అంటే కాలనీలో, ఇళ్ళన్నీ గోడకి గోడ ఆనుకుని వరసగా ఉంటాయి. ప్రతి ఇంటి ముందూ నడుము లోతు మురుగు కాలవ. మా పక్కింట్లో సెల్వి అనే తమిళామె, ఆమె మొగుడు, ఆమె అత్తగారు ఉంటారు. అత్తగారిని వీధిలో అందరం తమిళంలో పాట్టి, అంటే మామ్మ, అనే అంటాం. సెల్వికీ నాకూ మాటలు లేక మూడేళ్ళు. నా మునగ చెట్టు ఆకులు వాళ్ళ కారు మీద రాలుతున్నాయని, నేను గుడికి వెళ్ళిన పూట చూసి మొదలంటా కొట్టించేసింది. చెప్పి కొట్టిస్తే ఊరుకునేదాన్ని. వరద రోజు మధ్యాహ్నం వంటింట్లో ఉండగా గోడ అవతల పాట్టి దగ్గు వినిపించింది. సాయంత్రానికి నీళ్ళు మోకాళ్ళు దాటాయి. రమేష్ ఫ్యాక్టరీ నుంచి రాలేక ఇరుక్కుపోయాడు. వీధి చివర ఉండే మలాయి కుర్రాళ్ళు లారీ తెచ్చి నన్నూ ఇంకొందరినీ ఎక్కించారు. బయల్దేరే ముందు లారీ నడిపే అతను నన్ను అడిగాడు: "ఈ వరసలో ఇంకా ఎవరైనా ఉన్నారా, మక్చిక్?" వాళ్ళ భాషలో అత్తా అన్నట్టు. నేను సెల్వి ఇంటి వైపు చూశాను. గేటుకి తాళం. కారు లేదు. కారులో తీసుకుపోయి ఉంటారులే అనుకున్నాను. "లేరు లా" అన్నాను.

పాట్టి ఇంట్లోనే ఉంది. కొడుకు కారు తడుస్తుందని మిట్ట మీద పెట్టి రావడానికి వెళ్ళి తిరిగి రాలేకపోయాడు. భార్య డ్యూటీ దిగి ఇంటికి చేరి ఉంటుందని అతను అనుకున్నాడు. అత్తని మొగుడు కారులో తీసుకెళ్ళాడని సెల్వి ఫ్యాక్టరీలో నిశ్చింతగా ఉంది. ముసలావిడ వంటింటి గట్టు మీదకి ఎక్కి, కిటికీ ఊచలు పట్టుకుని, నీళ్ళు తగ్గేదాకా నిలబడింది. మర్నాడు పొద్దున చూసినప్పుడు ఆ వేళ్ళు ఊచల నుంచి విడదీయడం కష్టమైందట. ప్రాణంతో ఉంది. ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. కాని లారీ వాళ్ళు అడిగినప్పుడు లేరని చెప్పిన నోరు నాది. తాడు పట్టుకుని పెరిగిన దాని నోరు అది.

ఆ తాడు ఏమిటో చెబుతాను. సుంగై సుమున్ దగ్గర కొబ్బరి తోటలో పుట్టాను నేను. సముద్రం మా కంటికి కనిపించదు గాని మట్టి కట్ట ఒకటి తోటకి అడ్డంగా ఉండేది. కట్టకి అవతల సముద్రం, ఇవతల మేము, ఇద్దరం ఒకే ఎత్తులో ఉన్నాం. తోట నిండా పారిట్లు, అంటే కాలవలు. కోసిన కాయలు పడవలో వేసి ఆ కాలవల్లోనే లాక్కొచ్చేవారు. మా లైనులో, అంటే కూలీల ఇళ్ళ వరసలో, పదమూడు ఇళ్ళు, చెక్క గోడలు, రేకు కప్పు. చాలా వరకు మా తెలుగు వాళ్ళం, ముగ్గురో నలుగురో తమిళులు. మగవాళ్ళు కాయ కోత, ఆడవాళ్ళు కాయ కొట్టి కొబ్బరి తియ్యడం, ఆరబెట్టడం. కొబ్బరి ఆరబెట్టే బట్టీ ఒక్కటే మిట్ట మీద కట్టారు, కింద చిప్పలు కాల్చాలి కాబట్టి. పొద్దు పొడిచేసరికి ఆ పొగ లైనంతా కమ్మేది. జుట్టులో, అన్నంలో, కప్పుకునే దుప్పట్లో అదే వాసన. కట్ట తెగినప్పుడల్లా మేమంతా వెళ్ళి చేరేది కూడా ఆ బట్టీ వసారాకే.

లైన్లకీ బట్టీకీ మధ్య దూరం పెద్దది కాదు. చిక్కల్లా దారిలో రెండు పారిట్లు ఉండడమే. మామూలు రోజుల్లో వాటి మీద కొబ్బరి మొద్దు వంతెనలు కనిపిస్తాయి. నీళ్ళొస్తే నేలేదో, కాలవేదో, మొద్దేదో తెలియదు, అంతా ఒకే గోధుమ రంగు నీరు. అడుగు తప్పితే మనిషి తల మునిగే లోతు. అందుకే తాడు. దీపావళి వెళ్ళిన వారం, పెద్ద వానలకి ముందు, ఇంటికో పాత చీర అడిగి తెచ్చేది ఎర్రమ్మత్త. ఆమె మాకు చుట్టం కాదు, లైనుకంతా అత్తే. చీరని బూడిద నీళ్ళలో ఉతికి, ఇద్దరు రెండు కొసలూ పట్టుకుని మెలి తిప్పి, చీరకి చీర ముడి వేసేవారు. చిరిగిపోయిన చీర మాత్రమే ఏటా మారేది, గట్టిగా ఉన్నది అలాగే ఉండేది. చుట్టాల చీరలు పక్కపక్కనే వెయ్యాలి. అన్నదమ్ముల ఇళ్ళు, అక్కాచెల్లెళ్ళ ఇళ్ళు ఒకచోట. నీళ్ళొచ్చిన రోజు ఎవరి ఇంటివాళ్ళు వాళ్ళ చీర మీదే చెయ్యి వేసి నడవాలి. ముందు నడిచేది ఎర్రమ్మత్త, వంతెన మొద్దు ఆమె పాదానికి తెలుసు. చీర ఖాళీగా ఉంటే ఆ ఇల్లు రాలేదని వెనకవాళ్ళకి తెలిసిపోతుంది. మా అందరికీ లెక్క రాకపోయినా రంగులు వచ్చు. ఎర్రంచు చీర, నీలి గళ్ళ చీర, పసుపు పూల చీర. అదే మా పేర్ల పట్టీ.

మా నాన్నా చిన్నాన్నా ఒకే తోటలో పని. మాది లైనులో ఈ చివరి ఇల్లు, చిన్నాన్నది ఆ చివరి ఇల్లు. వాళ్ళ అమ్మని మేము మామ్మ అని పిలిచేవాళ్ళం. సన్నగా, నల్లగా, ఎండు కొబ్బరి ముక్కలా ఉండేది. ఆమెకి అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసని నోట్లోకి పెట్టుకుని తాగడం. మా పెద్దల దేశం నుంచి ఓడెక్కి వచ్చేటప్పుడే నేర్చుకుని వచ్చిందట. తాగుతూనే మాట్లాడేది, తాగుతూనే చీపురు కట్టేది, తాగుతూనే మమ్మల్ని తిట్టేది. నోరు తెరిస్తే లోపల ఎర్రగా మెరిసేది. నాకు భయం వేసి, "మామ్మా, నోరు కాలదా?" అని అడిగితే, "కాలితే నీతో ఎలా మాటాడతన్నానే గుంటా?" అనేది. ఆమెకి ఉన్న ఆస్తి ఒక మూట, ఒక చుట్టల డబ్బా, ఒక ఇత్తడి గలాసు. ఆ గలాసుతో తప్ప మంచినీళ్ళు తాగేది కాదు.

మామ్మ వంతుల మీద ఉండేది. అమావాస్య నుంచి అమావాస్య దాకా ఒక కొడుకు ఇంట్లో. ఆ పొద్దున మూట కట్టుకుని ఈ ఇంట్లోంచి బయటికి వచ్చేస్తుంది, కాని ఆ ఇంట్లోకి తనంతట తాను వెళ్ళదు. కోడలు వచ్చి "రా అత్తా" అని పిలవాలి. పిలిచేదాకా వరసలో నడిమి ఇల్లు, ఏడో నెంబరులో కూర్చునేది. అందులో ఉండే కుటుంబం ఎప్పుడో తోట వదిలి వెళ్ళిపోయింది, ఇల్లు ఖాళీ. గడప మీద మూట పెట్టుకుని, చుట్ట నోట్లో పెట్టుకుని, రాణీలా కూర్చునేది. మా అమ్మా చిన్నమ్మా బాగున్న రోజుల్లో అది ఒక గంట పని. అమ్మ ఎదురుగా వెళ్ళి చెప్పేది, చిన్నమ్మ వచ్చి పిలుచుకుపోయేది. తరవాత చిన్నమ్మ కూతురి చెవులు కుట్టిన రోజున, తాంబూలం మా అమ్మకి ఇవ్వకుండా వేరెవరికో ముందు ఇచ్చారు. అదే గొడవ. నవ్వకండి, మునగ చెట్టు కన్నా అది పెద్ద గొడవే. ఏడాదిన్నర మాటల్లేవు. ఆ ఏడాది తాడు కట్టేటప్పుడు మా అమ్మ తన చీర పట్టుకెళ్ళి, "అత్తా, నా సీర దాని పక్కనెయ్యకు. మొదట్లో ఎయ్యి" అంది. చిన్నమ్మ వెళ్ళి, "అయితే నాది ఆకర్న ఎయ్యి" అంది. ఎర్రమ్మత్త, "తాడు మీ తగువు కోసం కాదే" అని గొణిగింది. గొణిగి, వాళ్ళన్నట్టే వేసింది.

అమావాస్యకి సముద్రం పోటెత్తుతుందని అందరికీ తెలుసు. అమావాస్యకి మామ్మ ఇల్లు మారుతుందని కూడా అందరికీ తెలుసు. రెండూ ఒక్క రోజేనని ఎవరికీ తోచలేదు.

ఆ రోజు తెల్లారినప్పటి నుంచి వాన. మామ్మ తన చీపురుతో మా గుమ్మం ఊడ్చి, మూట తీసుకుని వెళ్ళిపోయింది. గలాసు మరిచిపోయింది. నాకు అప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. మగవాళ్ళందరినీ కట్ట మీదకి మట్టి మూటలు వెయ్యడానికి పిలుచుకుపోయారు. మధ్యాహ్నం అన్నం వేళకి కట్ట తెగింది. చప్పుడేమీ రాలేదు. ముందు కోళ్ళు ఎగిరి రేకుల మీదకి ఎక్కాయి, తరవాత గుమ్మంలోకి కొబ్బరి పీచు తేలుతూ వచ్చింది. ఎర్రమ్మత్త రేకు డబ్బా వాయిస్తూ తాడు తెచ్చింది. అందరం అలవాటైన పనిలాగే బయటికి వచ్చాం. ఎవరూ ఏడవలేదు. బియ్యం డబ్బాలు అప్పటికే అటకల మీద ఉన్నాయి, అగ్గిపెట్టెలు సీసాల్లో ఉన్నాయి. అమ్మ నా చేతిని తాడు మొదట్లో ఎర్రంచు చీర మీద పెట్టింది. రెండో చేతిలో మామ్మ గలాసు పట్టుకున్నాను. మామ్మ చిన్నమ్మ చీర మీద ఉంటుంది, తాడు చివర, నాకు కనిపించదు, బట్టీ దగ్గర ఇద్దాం అనుకున్నాను.

బట్టీ వసారా ఎక్కాక ఎర్రమ్మత్త రంగులు పిలిచింది. "ఎర్రంచు?" ఉన్నాం. "నీలి గళ్ళు?" ఉన్నాం. అలా ఆఖరి పసుపు పూల చీర దాకా, పన్నెండూ పలికాయి. అందరూ జుట్టు పిండుకుంటున్నారు. నేను గలాసు పట్టుకుని చిన్నమ్మ దగ్గరికి వెళ్ళాను.

"సిన్నమ్మా, మామ్మేది? గలాసు ఒగ్గేసినాది."

"మీ ఇంటికాడే కదే ఉన్నాది. వానని మీయమ్మ అట్టేపెట్టుకున్నాదనుకున్నాను."

"నేదు. పొద్దున్నే మూట అట్టుకుని ఎలిపోనాది."

చిన్నమ్మ మొహం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. ఆమె లేచి, వసారా ఈ చివర నుంచి ఆ చివరికి అరిచింది. ఏడాదిన్నర తరవాత మా అమ్మతో మాట్లాడిన మొదటి మాట అది. అప్ప అంటే మాలో అక్క.

"అప్పా! అత్తేదీ?"

అమ్మ తల తిప్పకుండానే, "నన్నడుగుతావేటి? పిలుసుకెల్లే వంతు నీది కాదేటి?" అంది.

"పంపినానని కబురెట్టినావేటి నువ్వు?"

"ఓలమ్మో, రాణీగారికి కబురు కూడా ఎట్టాలేటి!"

"నోరు ముయ్యండే ఇద్దరూ!" అంది ఎర్రమ్మత్త. "ముసిల్ది ఎక్కడున్నాదో సెప్పండి."

అప్పుడు ఇద్దరూ ఒక్కసారే, "ఏడో నెంబరు" అన్నారు. ఖాళీ ఇల్లు. ఆ ఇంటికి తాడులో చీర లేదు. కాబట్టి ఆ గుమ్మం ముందు ఎవరూ ఆగలేదు. ఎర్రమ్మత్త నుదురు కొట్టుకుని, "తప్పు నాదే. మీ తగువుని తాడులోకి రానిచ్చినాను" అంది. అందరికీ వినబడేలా అంది. ఆ తరవాత ఒక్క మాట కూడా వృథా చెయ్యలేదు. తాడు ఒక కొస బట్టీ స్తంభానికి కట్టించింది. ఆడవాళ్ళందరినీ మెట్ల మీద వరసగా నిలబెట్టి తాడు పట్టించింది. నేనూ పట్టుకున్నాను. రెండో కొస మా అమ్మ నడుముకి ఒక చుట్టు, చిన్నమ్మ నడుముకి ఒక చుట్టు. "ఎవుల అత్తని ఆలే తెచ్చుకోండి. నీళ్ళింకా పెరుగుతాయి, కొట్టుకుంటా నిలబడకండి" అని పంపింది.

తాడు మూడో ఇంటి దాకా వచ్చింది. అక్కడ చాలలేదు. అక్కడి నుంచి ఏడో ఇంటి దాకా ఏం చేశారన్నది నేను మెట్ల మీద నుంచి చూశాను. అమ్మ తాడు విప్పి ఆ మూడో ఇంటి వసారా కమ్మీకి కట్టింది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, రెండో చేత్తో చెక్క గోడలు తడుముకుంటూ వెళ్ళారు. నీళ్ళు అమ్మకి ఛాతీ దాకా ఉన్నాయి. చిన్నమ్మ పొట్టిది, ఆమెకి గడ్డం దాకా. వాళ్ళు ఆ గుమ్మంలోకి దూరి కనిపించకుండా పోయారు. నా చేతిలో తాడు బరువుగా, చల్లగా, నీళ్ళలో అటూ ఇటూ లాగుతూ ఉంది. అటు కొసన మనిషి లేదని తెలిసీ గట్టిగా పట్టుకుని నిలబడ్డాం.

లోపల జరిగింది చిన్నమ్మ చచ్చేదాకా చెప్పి నవ్వేది. మామ్మ కట్టెల అటక మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. కప్పు రేకు ఊడి వాన నెత్తి మీద కురుస్తోంది, ఒళ్ళంతా తడిసి ముద్ద. చుట్ట మాత్రం ఆరలేదు. నిప్పు నోట్లో ఉంది కదా. వీళ్ళని చూసి చుట్ట తియ్యకుండానే అడిగిందట.

"ఎవులొచ్చినారు పిలవడానికి? పెద్దదా, సిన్నదా?"

"ఇద్దరం వొచ్చినాం. దిగు అత్తా."

"ఇద్దరూ ఒక్కపాలి ఎలా పిలుత్తారే? నానెవులింటికి రావాల?"

"బట్టీకి రా" అని మా అమ్మ అరిచిందట. "అది ఎవులిల్లూ కాదు."

మామ్మ మా అమ్మ వీపు ఎక్కింది. మూట చిన్నమ్మ నెత్తి మీద. మూడో ఇంటి దగ్గర తాడు అందుకున్నాక మేము ఇటు నుంచి లాగాం. వసారాలోకి రాగానే మామ్మ నా చేతిలో గలాసు చూసి, "ఇయ్యి, దాహమేస్తన్నాది" అంది. చుట్టూ అంత నీరు. ఎవరో కిసుక్కుమన్నారు, తరవాత అందరం నవ్వాం. మా అమ్మ నవ్వలేదు. పక్కకి వెళ్ళి, స్తంభానికి మొహం పెట్టుకుని నిలబడింది.

నీళ్ళు దిగాక రోజుకి ఒక ఇల్లు శుభ్రం చేసేవాళ్ళం. ఎవరి ఇల్లు వాళ్ళు కాదు. పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళూ ఒకే ఇంట్లోకి దూరి, బురద తోడి, గోడలు కడిగి, సాయంత్రానికి ఆ ఇంటి పొయ్యి వెలిగించి బయటికి వచ్చేవారు. మర్నాడు ఇంకో ఇల్లు. తాడులో చీర వరసే శుభ్రం వరస. బట్టీ దగ్గర ఒకటే పెద్ద కుండ, అందరి బియ్యం అందులోనే. నూతిలో ఉప్పునీరు చేరితే మూడు సార్లు తోడించారు. ఈసారి తాడు మళ్ళీ కట్టినప్పుడు ఎర్రమ్మత్త ఎవరినీ అడగలేదు. మా అమ్మ చీరకి చిన్నమ్మ చీర ముడి వేసేసింది. వాటి మధ్యలో ఇంకో చీర వేసింది, బూడిద రంగుది, మామ్మది. "ఇల్లు మారే మనిసికి సొంత సీరుండాల" అంది. ఇకమీద తాడులో పదమూడు. అప్పటి నుంచి లైనులో వంతుల మీద ఉండే ముసలివాళ్ళకీ, కాన్పుకి వచ్చిన ఆడపిల్లలకీ వేరే చీర పడేది. ఇక మా అమ్మా చిన్నమ్మా సంగతి అంటారా? ఆ తరవాత కూడా వాళ్ళు పెద్దగా మాట్లాడుకోలేదు. తాంబూలం మాట వస్తే అమ్మ మొహం మాడ్చుకునేది. కాని మా వంతు తీరిన ప్రతి అమావాస్య పొద్దునా అమ్మ చిన్నమ్మ గుమ్మం దాకా వెళ్ళి, గోడకి చెబుతున్నట్టు, "అత్త బయల్దేరినాది" అని చెప్పి వచ్చేది.

తరవాత తోటలో పామాయిలు చెట్లు వేశారు, లైన్లు పడగొట్టారు. మామ్మ అప్పటికే పోయింది. వెళ్ళే ముందు తాడు విప్పి ఎవరి చీర వాళ్ళు తీసుకున్నారు. బూడిద చీర ఏ ఇంటిదీ కాదు కాబట్టి నేను పట్టుకొచ్చాను. క్లాంగ్ వచ్చాను, ఫ్యాక్టరీలో చేశాను, పిల్లల్ని కన్నాను, మా ఆయన్ని కాటికి పంపించాను, ఆ పెట్టె అడుగుకి మాత్రం చెయ్యి పెట్టలేదు. మొన్నటి వరదకి సాయం రాలేదని నేను అనను. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. అన్నం పొట్లాలు, దుప్పట్లు, కొత్త స్టవ్‌లు ఇచ్చారు, వాళ్ళ చెయ్యి చల్లగా ఉండాలి. మాకు ఫోన్లో గ్రూపు కూడా ఉందట. రమేష్ చూపించాడు. ఆ సాయంత్రం అందులో నీళ్ళ ఫోటోలు గుట్టలుగా ఉన్నాయి, పాట్టి ఎక్కడ అని ఒక్కరూ అడగలేదు. నీళ్ళు దిగాక ప్రతి ఇంటివాళ్ళూ గొట్టం పెట్టి తమ బురద బయటికి కడిగారు. మాది సెల్వి గుమ్మంలోకి పోయింది, వాళ్ళది మా గుమ్మంలోకి వచ్చింది. రెండు రోజులు ఒకే బురదని ఇటూ అటూ తోసుకున్నాం. లైన్లలో మేము ఒకరినొకరు ఎక్కువ ప్రేమించామని నేను చెప్పను. తిట్టుకునేవాళ్ళం, జుట్టు పట్టుకునేవాళ్ళం. ఎవరు ఏ చీర మీద ఉండాలో మాత్రం తెలుసు.

అందుకని పోయిన వారం తాడు కోసం ఇంటికో పాత బట్ట అడగడానికి వీధిలో బయల్దేరాను. రమేష్, "ఏటి సేస్తన్నావమ్మా, నవ్వుతారు లా" అన్నాడు. నవ్వనీ. కాలవలు నీళ్ళలో కనిపించవు, అప్పుడూ ఇప్పుడూ అంతే. మూల ఇంటి మలాయి ఆవిడ జైతున్ పాత బాటిక్ సారోంగ్, మన లుంగీ లాంటిది, ఇచ్చింది. ఎదురింటి చైనా తాత కిటికీ తెర ఇచ్చి, ఎందుకని కూడా అడగలేదు. చివరికి సెల్వి గేటు మిగిలింది. మూడు సార్లు దాని ముందు నుంచి నడిచాను. నాలుగోసారి గడియ చప్పుడు చేశాను. ఆమె వచ్చింది, గేటు తియ్యలేదు. ఊచల అవతల నిలబడి, "ఏం కావాలి ఆంటీ?" అని తమిళంలో అడిగింది.

"చీర కావాలి. కాని ముందు ఒక మాట చెప్పాలి" అన్నాను. నాది బొంగురు గొంతు కదా, మెల్లిగా చెబుదామన్నా వీధికి వినబడింది. "ఆ రోజు లారీ వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. లేరని చెప్పింది నేనే. మధ్యాహ్నం పాట్టి దగ్గు విన్నాను. విని కూడా లేరన్నాను. మనకి మాటల్లేవు కాబట్టి, ఒక్కసారి నీ కిటికీ కొట్టి చూడడానికి నాకు అహం అడ్డొచ్చింది."

సెల్వి నా మొహం వైపు చూసింది.  తిడితే బాగుండును అనిపించింది. లోపల నుంచి పాట్టి దగ్గుతూ, "ఎవరే అది?" అని అడిగింది. సెల్వి లోపలికి వెళ్ళింది. అయిపోయింది, ఇక రాదు అనుకున్నాను. ఎండలో అలాగే నిలబడ్డాను. కొంతసేపటికి వచ్చి ఒక ఆకుపచ్చ నూలు చీర ఊచల మధ్య నుంచి నా చేతిలో పెట్టింది. పాట్టిది. "ఇది అత్తది" అంది. అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇంటికి వచ్చి బూడిద నీళ్ళు దొరక్క సబ్బుతోనే ఉతికాను. సారోంగునీ కిటికీ తెరనీ కలిపి నా చీరకి ముడి వేశాను, నా చీరని మామ్మ చీరకి, మామ్మ చీరకి పాట్టి చీర. వేళ్ళకి ఇంకా ఆ ముడి గుర్తుంది. సెల్వి ఇంటి చీర ఇంకా రాలేదు. పాట్టి చీర అవతలి కొస, దాని కోసం, ముడి వెయ్యకుండా వదిలిపెట్టాను.